బ్యాంకు వడ్డీ, మైక్రోఫైనాన్స్ వడ్డీ పోల్చుకోవడం ఎలా: పొదుపుకీ అప్పుకీ దశలవారీ లెక్క

"బ్యాంకులో 24 శాతం అంటున్నారు, మైక్రోఫైనాన్స్ వాళ్లు 15 శాతమే అంటున్నారు. ఏది తీసుకోమంటారు?" మాటలు మారినా ఈ ప్రశ్న మాత్రం వస్తూనే ఉంది. 24 శాతం అన్నచోటే చవక అయ్యే అవకాశం చాలా ఉంది. ఒక శాతాన్ని గజాలతో, రెండోదాన్ని మీటర్లతో కొలిచారు. ముందు కొలత ఒకటి చేసుకోవాలి, ఆ తర్వాతే పోలిక.

ఆ మధ్య మా పిన్ని ఒక అప్పు కార్డు నా ముందు పెట్టి, "పదిహేను శాతమేగా, మరి నాకు బరువెందుకు అనిపిస్తోంది?" అంది. ఆ కార్డులోని అంకెల్నే కొంచెం గుండ్రంగా మార్చి కింద వాడాను. కరెన్సీ పేరు కావాలనే రాయలేదు. మీ దగ్గర ఏది నడిస్తే అదే అనుకోండి, శాతాలు మారవు.

కావాల్సినవి ఒక కాగితం, కాలిక్యులేటర్ ఉన్న ఫోన్, ఓ గంట సమయం.

## 1. ఎవరినీ అడగకముందే మీ అవసరం రాసుకోండి

ఒకచోట ఏడాది అప్పు గురించి, ఇంకోచోట రెండేళ్ల అప్పు గురించి అడిగి వచ్చి రెంటినీ పోల్చలేరు. అందుకే ముందు ఇవి ఖాయం చేసుకోండి:

- చేతికి కచ్చితంగా ఎంత కావాలి (ఎంత ఇస్తారన్నది తర్వాత)
- ఎన్ని నెలల్లో తీర్చగలరు
- మీ రాబడి ఎప్పుడెప్పుడు వస్తుంది: వారం వారమా, నెలకా, సీజన్‌కా
- నెలకు ఎంతవరకు ఇబ్బంది లేకుండా కట్టగలరు
- ఇప్పుడున్న అప్పులు, వాటి వాయిదాలు

పొదుపు కోసమైతే రెండే: ఎంత దాస్తారు, ఎంతకాలం దాని జోలికి వెళ్లకుండా ఉండగలరు.

కనీసం మూడు చోట్ల అడగండి. మూడు చోట్లా అదే మొత్తం, అదే గడువు చెప్పండి. "మీకు ఇంకా ఎక్కువ వస్తుంది మేడమ్, తీసుకోండి" అని ఊరిస్తారు. మీరు రాసుకున్న అంకె దగ్గరే ఉండండి.

## 2. "వడ్డీ ఎంత?" అని అడగకండి

అలా అడిగితే వాళ్లకు నచ్చిన శాతం ఒకటి చెబుతారు. అది అబద్ధం కాకపోవచ్చు, కానీ మీకు పనికొచ్చే అంకె కాదు. దాని బదులు ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు అక్కడే రాసుకోండి:

- అన్ని కోతలూ పోను నా చేతికి ఎంత వస్తుంది?
- వాయిదాలు ఎన్ని? ఒక్కోటి ఎంత? మొదటిది ఏ తేదీన?
- వడ్డీ ఫ్లాటా (మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా), తగ్గుతున్న బాకీ మీదా?
- ప్రాసెసింగ్ ఫీజు, బీమా, పన్ను, కాగితాల ఖర్చు ఎంతెంత?
- అప్పు కావాలంటే పొదుపు ఖాతాలో ఏమైనా ఉంచాలా? అది ఎప్పుడు తిరిగిస్తారు?
- మధ్యలో మొత్తం తీర్చేస్తే ఎంత కట్టాలి?
- ఒక వాయిదా ఆలస్యమైతే ఏమవుతుంది?
- రేటు గడువంతా ఇదేనా, మారుతుందా?

వాయిదాల పట్టిక అడిగి తీసుకోండి. ఒక్కో వాయిదాలో అసలెంత, వడ్డీ ఎంత, ఇంకా బాకీ ఎంత అని వరుసగా ఉండే కాగితం అది. ఇవ్వడానికి నసిగితే ఆ సంస్థ గురించి సగం తెలిసినట్టే. భారతదేశంలో 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే రిటైల్ టర్మ్ లోన్లకు (అంటే వ్యక్తులకు నిర్ణీత గడువుతో ఇచ్చే అప్పులకు), ఫీజులన్నీ కలిపిన వార్షిక రేటుతో 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంక్ నియమం. మైక్రోఫైనాన్స్ అప్పులకు అలాంటి కాగితం 2022 నుంచే ఉంది.

## 3. అన్నిటినీ ఏడాది లెక్కకు తెచ్చుకోండి

నూటికి రెండు అంటే నెలకు 2 శాతం, ఏడాదికి 24 శాతం. "రెండు శాతమే" అని వినగానే మనసు తేలికపడుతుంది, అదే చిక్కు. రోజుకు 0.1 శాతం అనే మొబైల్ యాప్ అప్పు ఏడాదికి 36.5 శాతం.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. నెలకు 2 శాతాన్ని పన్నెండుతో గుణిస్తే 24. అదే వడ్డీ మీద వడ్డీ పడేలా చక్రవడ్డీ వేస్తే 26.8. రెండూ సరైనవే. ఫీజులు కూడా కలిపిన వార్షిక రేటును ఏపీఆర్ (APR) అంటారు. అమెరికాలో దాన్ని మొదటి పద్ధతిలో, యూరోపియన్ యూనియన్‌లో రెండో పద్ధతిలో లెక్కిస్తారు. మీరు ఏది పట్టుకున్నా అన్ని సంస్థలకూ దాన్నే వాడండి. ఈ వ్యాసంలో నేను వాడేది మొదటిది, అంటే నెల రేటు ఇంటూ పన్నెండు.

## 4. ఫ్లాటా, తగ్గే బాకీ మీదా: అసలు తేడా ఇక్కడే

12,000 అప్పు, 12 నెలలు, 15 శాతం ఫ్లాట్. వడ్డీ 1,800. మొత్తం 13,800ని పన్నెండుతో భాగిస్తే నెలకు 1,150. పిన్ని కార్డులో ఉన్నది ఇదే.

ఆ 1,150లో అసలు 1,000, వడ్డీ 150. మొదటి నెల చూడండి: ఆవిడ దగ్గర 12,000 ఉంది, దాని మీద 150 వడ్డీ. సరే, బాగుంది. ఇప్పుడు పన్నెండో నెలకు రండి. అప్పటికి పదకొండు వేలు తీరిపోయింది, మిగిలిన బాకీ 1,000. వడ్డీ మాత్రం అదే 150! ఒక్క నెలకి, వెయ్యి మీద నూట యాభై. ఎప్పుడో తిరిగిచ్చేసిన డబ్బుకి కూడా వడ్డీ కడుతూనే ఉన్నామన్నమాట. ఆ వరుస వేలితో చూపించేసరికి పిన్ని కళ్లజోడు సవరించుకుని మళ్లీ చదివింది.

ఇదే 12,000ని 24 శాతానికి, తగ్గే బాకీ మీద తీసుకుంటే మొదటి నెల వడ్డీ 240, అంటే ఫ్లాట్ కంటే ఎక్కువే. కానీ నెలనెలా తగ్గుతూ చివరి నెలకు 22 దగ్గరకు వస్తుంది. వాయిదా సుమారు 1,135. ఏడాదికి మొత్తం వడ్డీ దాదాపు 1,617.

అంటే 24 శాతం అన్నచోట వడ్డీ 1,617, 15 శాతం అన్నచోట 1,800. ఆ 15 శాతం ఫ్లాట్‌ని తగ్గే బాకీ లెక్కలోకి మారిస్తే 26.6 శాతం అవుతుంది.

చప్పున అంచనా కావాలంటే, ఏడాది గడువుతో నెల వాయిదాలుండే అప్పుకి ఫ్లాట్ రేటును 1.8తో గుణించండి. 15 ఇంటూ 1.8 అంటే 27. కౌంటర్ దగ్గర నిలబడి ఆలోచించడానికి ఆ మాత్రం చాలు.

## 5. చేతికి రాకముందే కోసేవాటిని లెక్కలోకి తెండి

పిన్ని అప్పులో ప్రాసెసింగ్ ఫీజు 240, బీమా 160 ముందే పట్టుకున్నారు. అప్పు 12,000 అని రాశారు గానీ చేతికొచ్చింది 11,600. వాయిదా మాత్రం 12,000కే. ఇప్పుడు రేటు 33.3 శాతం.

దానికి తోడు అప్పు తీరేదాకా 1,200 పొదుపు ఖాతాలో ఉంచాలన్నారు, దానికి వడ్డీ లేదు. "మీ డబ్బేగా, చివర్లో ఇచ్చేస్తాం" అన్నారట. నిజమే, ఇస్తారు. కానీ ఏడాది పొడవునా ఆవిడ వాడుకోగలిగింది 10,400 మాత్రమే. ఆ 1,200 చివర్లో తిరిగొస్తుందని కలిపి లెక్కేసినా రేటు 40 శాతం దాటింది.

ఒకే కార్డు, నాలుగు అంకెలు:

- నోటితో చెప్పింది: 15
- తగ్గే బాకీ లెక్కలో: 26.6
- ఫీజు, బీమా కలిపితే: 33.3
- నిర్బంధ పొదుపు కూడా కలిపితే: 40.3

బ్యాంకు 24 శాతం అప్పుకి 1 శాతం ఫీజు, అంటే 120 కలిపితే 26 శాతం. ఇదీ అసలు పోలిక: 26కీ 40కీ మధ్య. ప్రతిచోటా ఇలాగే తేలుతుందని కాదు. సొంత ఖాతా తెరిపించి, ఏవేవో పాలసీలు అంటగట్టే బ్యాంకులూ ఉన్నాయి. మీ అంకెలతో మీరే వేసి చూసుకోవాలి.

వడ్డీ మీద ప్రభుత్వం పరిమితి పెట్టినా ఈ దశ వదలకండి. కాంబోడియాలో 2017లో మైక్రోఫైనాన్స్ అప్పులకు ఏడాదికి 18 శాతం పరిమితి పెట్టారు. ఆ తర్వాత ఫీజులు పెరిగాయి.

## 6. నిజమైన రేటు కనుక్కోవడం

కాగితం మీద. మీరు అదనంగా కట్టే మొత్తాన్ని (వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి) 24తో గుణించండి. చేతికొచ్చిన డబ్బును, నెలల సంఖ్యకి ఒకటి కలిపి వచ్చిన అంకెతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, వందతో గుణించండి.

పిన్ని అప్పు: మొత్తం కట్టేది 13,800, చేతికొచ్చింది 11,600, తేడా 2,200. దాన్ని 24తో గుణిస్తే 52,800. అటు 11,600 ఇంటూ 13 అంటే 1,50,800. భాగిస్తే 35 శాతం. అసలు జవాబు 33.3. ఈ పద్ధతి కాస్త ఎక్కువే చూపిస్తుంది, గడువు పెరిగేకొద్దీ తేడా కూడా పెరుగుతుంది. ఏడాది లోపు అప్పులు పోల్చడానికి నిశ్చింతగా వాడొచ్చు.

ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్ ఉంటే. 'రేట్' (RATE) అనే ఫంక్షన్ తీసుకోండి. మొదట వాయిదాల సంఖ్య, తర్వాత వాయిదా మొత్తం మైనస్ గుర్తుతో, ఆ తర్వాత చేతికొచ్చిన డబ్బు. వచ్చిన జవాబు ఒక నెల రేటు, పన్నెండుతో గుణించండి. మైనస్ పెట్టడం మర్చిపోతే తప్పు చూపిస్తుంది, కంగారు పడకండి.

నిర్బంధ పొదుపు ఉన్నా, వాయిదాలు సమానంగా లేకపోయినా 'ఐఆర్ఆర్' (IRR) ఫంక్షన్ వాడాలి. దీని జవాబు కూడా నెల రేటే, పన్నెండుతో గుణించండి. ఒకే నిలువు వరుసలో పైన చేతికొచ్చిన డబ్బు, కింద ఒక్కో నెల కట్టేది మైనస్‌తో రాయండి. చివరి గడిలో ఆఖరి వాయిదా నుంచి తిరిగొచ్చే పొదుపు తీసేసి రాయండి. పిన్ని విషయంలో పై గడిలో 10,400. చివరి నెల 1,150 కట్టి 1,200 తీసుకుంటుంది కాబట్టి, ఆ గడిలో ప్లస్ 50.

వారం వాయిదాలైతే. 12,000కి నెలకు 1,150 చొప్పున పన్నెండు కట్టినా, వారానికి 276 చొప్పున యాభై కట్టినా మొత్తం 13,800 అవుతుంది. కానీ నెల వాయిదాలకి రేటు 26.6, వారం వాయిదాలకి 29 దాటుతుంది. డబ్బు త్వరగా తిరిగిచ్చేస్తున్నాం, గడువు కూడా రెండు వారాలు తక్కువ. 'రేట్' ఫంక్షన్‌లో వచ్చిన వారం రేటుని 52తో గుణించాలి.

## 7. పొదుపు రేట్లు పోల్చడం

ఒక తమాషా ఏమిటంటే, ఫ్లాట్ రేటు అప్పులోనే ఉంటుంది, పొదుపులో ఎవరూ ఇవ్వరు. నెలకు 1,000 చొప్పున ఏడాది కట్టే రికరింగ్ డిపాజిట్‌కి 6 శాతం అన్నారనుకోండి. 12,000 మీద 720 వస్తుందని ఆశపడతాం. వచ్చేది సుమారు 390. మొదటి వెయ్యి ఏడాదంతా ఉంటుంది, చివరి వెయ్యి ఒక్క నెలే ఉంటుంది కదా. లెక్క న్యాయమైనదే. అదే న్యాయం అప్పులో కూడా అడగాలి.

చక్రవడ్డీ ఎన్నిసార్లు కలుపుతారన్న దాని గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. 10,000 మీద 6 శాతాన్ని ఏడాదికోసారి కలిపితే 600, మూడు నెలలకోసారి కలిపితే 614, నెలనెలా కలిపితే 617. తేడా అంతే. దీనికంటే గట్టిగా చూడాల్సినవి ఉన్నాయి.

వడ్డీ ఏ నిల్వ మీద? రోజువారీ నిల్వ మీదా, నెలలో కనిష్ఠ నిల్వ మీదా? ఖాతాలో 28 రోజులు 10,000 ఉండి, చివరి రెండు రోజులు 1,000కి పడిపోయిందనుకోండి. 4 శాతం వడ్డీకి రోజువారీ లెక్కలో ఆ నెల 31 వస్తుంది. కనిష్ఠ నిల్వ లెక్కలో 3 చిల్లర.

చార్జీలు పోగా ఎంత? 5,000 నిల్వ మీద 4 శాతం అంటే ఏడాదికి 200. నెలకు 10 చొప్పున ఖాతా చార్జీ పడితే 120 పోయి 80 మిగులుతుంది, అంటే 1.6 శాతం. చిన్న పొదుపుకి చార్జీ లేని 3 శాతం ఖాతా, చార్జీ ఉన్న 4 శాతం ఖాతా కంటే మేలు.

ఎంత మొత్తానికి ఆ రేటు? బోర్డు మీద "7 శాతం వరకు" అని ఉంటే, ఆ "వరకు" ఎక్కడ మొదలవుతుందో అడగండి. పెద్ద నిల్వలకో, మొదటి మూడు నెలలకో మాత్రమే కావచ్చు.

మధ్యలో తీస్తే? ఫిక్స్‌డ్ డిపాజిట్ మధ్యలో తీస్తే చాలాచోట్ల ఉన్నన్నాళ్లకు వర్తించే తక్కువ రేటు ఇచ్చి, పైన పెనాల్టీ కూడా కోస్తారు.

ధరలు ఎంత పెరుగుతున్నాయి? ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతుంటే, 4 శాతం వడ్డీ వచ్చే డబ్బు విలువలో తగ్గుతున్నట్టే. వడ్డీ మీద పన్ను ఉంటే అది కూడా తీసేసి చూడండి.

## 8. రేటు కంటే ముందు: ఆ డబ్బు భద్రమేనా?

అప్పు ఇచ్చే లైసెన్సు వేరు, డిపాజిట్లు తీసుకునే లైసెన్సు వేరు. భారతదేశంలో ఎన్‌బీఎఫ్‌సీ-ఎంఎఫ్ఐ తరహా (బ్యాంకులు కాని) మైక్రోఫైనాన్స్ కంపెనీలు ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకోకూడదు. కొన్ని దేశాల్లో లైసెన్సు ఉన్న మైక్రోఫైనాన్స్ బ్యాంకులు తీసుకోవచ్చు. మీ దేశపు కేంద్ర బ్యాంకు వెబ్‌సైట్‌లో ఆ సంస్థ పేరు ఏ జాబితాలో ఉందో చూడండి.

తర్వాత డిపాజిట్ బీమా. భారతదేశంలో 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటర్‌కి 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. అమెరికాలో అది 2,50,000 డాలర్లు. బీమా లేనిచోట రెండు శాతం ఎక్కువిస్తామంటే, ఆ రెండు శాతం మీరు మోస్తున్న రిస్కుకి కూలి. నేనైతే అత్యవసరానికి దాచిన డబ్బు అలాంటి చోట పెట్టను.

## 9. ముందే తీర్చినా, ఆలస్యమైనా

ఆరు నెలల తర్వాత చేతికి డబ్బొచ్చింది, మొత్తం తీర్చేద్దామనుకున్నారు. తగ్గే బాకీ మీద 24 శాతం అప్పులో కట్టాల్సింది సుమారు 6,356. ఫ్లాట్ అప్పులో మిగతా వడ్డీ మాఫీ చేయం అని సంస్థ అంటే 6,900, అంటే మిగిలిన ఆరు వాయిదాలూ పూర్తిగా కట్టాల్సిందే. ముందే తీర్చి లాభమేమీ లేదు. భారతదేశంలో మైక్రోఫైనాన్స్ అప్పు ముందే తీరిస్తే పెనాల్టీ వేయకూడదని నియమం ఉంది. కానీ మిగతా వడ్డీ ఎలా లెక్కిస్తారన్నది కూడా అడిగి తెలుసుకోవాలి.

ఆలస్య రుసుము ఎంతన్నదే కాదు, దేని మీద అన్నదీ ముఖ్యం. ఆ ఒక్క వాయిదా మీదా, మిగిలిన బాకీ మొత్తం మీదా? గ్రూపు అప్పైతే ఇంకో ప్రశ్న: పక్కామె కట్టకపోతే మీరు ఎంత కట్టాలి?

## 10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సర్దుబాటు

వాయిదా తక్కువ కదా అని తీసుకోవడం. గడువు పెంచితే వాయిదా తగ్గుతుంది, మొత్తం వడ్డీ పెరుగుతుంది. ఒకే గడువుకి మళ్లీ అడగండి.

పొదుపు ముట్టుకోకుండా అప్పు చేయడం. 4 శాతం వచ్చే పొదుపు పక్కన పెట్టుకుని 33 శాతానికి అప్పు తెచ్చుకునేవాళ్లు చాలామంది. ఆపద కోసం కొంత ఉంచి, మిగతాది వాడి, తక్కువ అప్పు తీసుకోండి.

తిరుగుడు ఖర్చు మర్చిపోవడం. బ్యాంకుకి నాలుగుసార్లు తిరిగి పోగొట్టుకునే కూలీ ఖర్చే. వారం వారం మీటింగులో కూర్చునే గంటలూ ఖర్చే. చిన్న అప్పుల్లో ఇది వడ్డీని మించిపోవచ్చు. అంకె వేసి ఫీజుల పక్కన రాయండి.

రేటు మారదనుకోవడం. బ్యాంకు అప్పు ఫ్లోటింగ్ అయితే మీ లెక్కలో 2 శాతం పెంచి చూడండి. అప్పుడు కూడా కట్టగలిగితేనే ముందుకెళ్లండి.

పాత అప్పు తీర్చడానికి అక్కడే కొత్త అప్పు. ఫీజు, బీమా మళ్లీ మొదటి నుంచి పడతాయి. కొత్త అప్పులో మీ చేతికి నిజంగా వచ్చేది ఎంతో దానికే 6వ దశ లెక్క వేయండి.

## 11. సంతకానికి ముందు

ఒక కాగితాన్ని నిలువుగా మూడు భాగాలు చేసి, ఒక్కో సంస్థకి ఇవి నింపండి:

- చేతికొచ్చేది
- వాయిదా, ఎన్ని, ఎన్నాళ్లకోసారి
- మొత్తం కట్టేది
- నిజమైన ఏడాది రేటు
- ఆరో నెలలో తీరిస్తే కట్టాల్సింది
- ఒక వాయిదా తప్పితే పడేది
- తిరుగుడు ఖర్చు

రెండు సంస్థల మధ్య తేడా ఒకటి రెండు శాతమే అయితే రేటు వదిలేసి, మీ రాబడి వచ్చే రోజుకి వాయిదా తేదీ కుదిరేచోట తీసుకోండి. తేడా పది దాటితే తిరుగుడు ఎక్కువైనా చవకైన చోటికే వెళ్లండి.

ఖాళీ గడులున్న ఫారం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం వద్దు. నోటితో చెప్పిన రాయితీ ఏదైనా ఉంటే కాగితం మీద రాయించుకోండి. వాయిదా కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోండి, చివర్లో నో డ్యూ సర్టిఫికెట్ (ఇక బాకీ లేదనే కాగితం) అడగండి. నిర్బంధ పొదుపు ఉంటే అది ఖాతాలో పడిందో లేదో అదే రోజు చూసుకోండి. పిన్నికి ఆ 1,200 రావడానికి అప్పు తీరాక ఇంకో ఐదు వారాలు పట్టింది.